సిగ్నలు పీట

ముందు బెంచీల కింద, తర్వాత బెంచీల వెనక, ఆఖరున అద్దం కింద. దేవమణి తడిగుడ్డ ఎప్పుడూ ఈ వరసలోనే తిరుగుతుంది. ఖరగ్‌పూర్ స్టేషన్లో ఆడవాళ్ళ వెయిటింగ్ రూముకి ఆయాగా వచ్చిన నాటి నుంచీ ఇదే వరస. ఈ రోజుతో ఉద్యోగం ముగుస్తుంది, ఓ మూల వదిలేసినా అడిగేవాడు లేడు. అయినా మోకాళ్ళు కటకటమంటున్నా వంగి, బెంచీ కింద ఎవరో పారేసిన బత్తాయి తొక్క లాగి బకెట్లో వేసింది.

మనిషి పొట్టి, గుండ్రంగా ఉంటుంది. నీలం అంచు తెల్లచీర, బొడ్లో తాళాల గుత్తి, మెడలో నల్లతాడుకి వెండి సిలువ. పై వరసలో పన్ను ఊడిన చోటు కనబడుతుందని నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది గాని, నవ్వడం మట్టుకు మానదు. తెలుగువాళ్ళకీ బెంగాలీలకీ ఒడియావాళ్ళకీ అందరికీ ఆమె మాషీయే, అంటే పిన్ని. అసలు పేరు అడిగినవాళ్ళు తక్కువ.

"మాషీ, ఎక్టు ధొరున్ తో," కాస్త పట్టుకోమంటూ ఓ బెంగాలీ తల్లి చంటిపిల్లని ఆమె చేతుల్లో పెట్టి స్నానాల గదిలోకి పరుగెత్తింది. పిల్ల సిలువ పట్టుకుని గుంజడం మొదలెట్టింది.

"లాగే గుంటా, లాగు. రేపట్నుంచి నాను దొరకను," అంది దేవమణి.

మైకులో బండి పేరు వినబడగానే తల్లి సామాను అందుకుంది. దేవమణి పిల్లని ఎత్తుకుని వెంట నడిచి, కిటికీలోంచి అందించి, బండి కదిలేదాకా అక్కడే నిలబడింది. ఇది డ్యూటీలో లేని పని. ఆయా గుమ్మం దాటి రావలసిన అవసరమే లేదు. కాని వచ్చినవాళ్ళని సాగనంపకుండా పంపడం ఆమెకి చేతకాదు.

ఈ సాయంత్రం మెయిలుకి ఆమే వెళ్ళిపోతోంది. పలాసలో చెల్లెలు ఎలీసమ్మ ఇడ్లీ హోటలు పెట్టింది. "నువ్వొచ్చి గల్లా కాడ కూకో అప్పా, సాలు," అని ఎప్పట్నుంచో పోరుతోంది. దేవమణికీ వెళ్ళడం ఇష్టమే. మనసులో గుచ్చుకుంటున్నది ఒక్కటే, లూకా.

లూకా ఆమెతో కలిసి పెరిగినవాడు. చిన్ననాటి స్నేహితురాలు సరోజమ్మని పెళ్ళాడాక "ఒరే లూకా" కాస్తా "బావ" అయ్యాడు. బొగ్గింజను నుంచి డీజిలు దాకా తోలిన డ్రైవరు. రెండేళ్ళ క్రితం కళ్ళ పరీక్షలో ఎరుపేదో పచ్చేదో చెప్పలేకపోయాడు. ఇంజను దింపి షెడ్డు ఆఫీసులో కుర్చీ ఇస్తామన్నారు. "కుర్చీ తోల్డానికి నాను పుట్టినేదు," అని ఉద్యోగం వదిలేసి ఝపటాపూర్ ఇంట్లో కూర్చున్నాడు. పట్టాల వైపు కిటికీకి మేకులు కొట్టేశాడు. స్టేషన్లో మళ్ళీ అడుగు పెట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. చర్చికి వెళ్ళాలన్నా స్టేషన్ కనబడకుండా ఊరంతా చుట్టి వెళ్తాడు.

"నిన్నెక్కించడానికి నానొస్తాను, మన గార్డు విల్‌ఫ్రెడ్డొస్తాడు. మీ బావ మట్టుకు రాడే. ఆశెట్టుకోకు," అని సరోజమ్మ ముందే చెప్పేసింది.

దేవమణికి అదే మింగుడు పడలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళని ఇన్నేళ్ళు రైలెక్కించింది. తను ఎక్కేటప్పుడు లూకా రాకపోతే అదేం ప్రయాణం? పైగా మనిషిని ఆ మూసిన కిటికీ పక్కన వదిలేసి ఎలా వెళ్ళడం? ఆలోచించి ఆలోచించి టీ పార్టీ పెట్టింది. మామూలు టీ పార్టీ కాదు, రైలాట టీ పార్టీ.

నిమ్‌పురా క్వార్టర్ల మధ్య ఖాళీ జాగాలో చిన్నప్పుడు నలుగురూ రోజూ ఆడిన ఆట అది. లూకా ఇంజను. సరోజమ్మ బొమ్మని చంకనేసుకున్న పాసింజరు. విల్‌ఫ్రెడ్ గార్డు. దేవమణి అందరికంటే చిన్నది గనక ఆమెని సిగ్నలు చేశారు. వర్క్‌షాపులో వడ్రంగం చేసే లూకా తండ్రి, పాత బోగీ టేకు ముక్కలతో చేసిన ముక్కాలిపీట ఒకటుండేది. దాని మీద ఎక్కి, పట్టాల పక్క రెక్క సిగ్నలు లాగా కుడిచెయ్యి అడ్డంగా చాపి నిలబడాలి. చాపితే డేంజరు, దించితే లైన్ క్లియర్. బండి స్టేషన్ చేరగానే అందరికీ టీ. టీ అంటే కొబ్బరిచిప్పల్లో బెల్లం నీళ్ళు. నంజుకోవడానికి మరమరాల ఉండలు, జీళ్ళు, నిమ్మతొనలు. సిగ్నలు పీట దిగకూడదు గనక దేవమణి వాటా ఎవరో ఒకరు తెచ్చి నోట్లో పెట్టేవారు, అదీ సగం కొరికి.

"నువ్వు దిగితే రైలు గుద్దుకుంటాది," అని లూకా బెదిరించేవాడు. ఆమె నమ్మేది. ఒక్కసారి నన్నూ ఎక్కించుకోండని ఎంత ఏడ్చినా "రేపు" అనేవాళ్ళు. ఆ రేపు రాకుండానే అందరూ పెద్దవాళ్ళయిపోయారు. విచిత్రమేమిటంటే, ఆటలో ఎవరేమిటో బతుకులోనూ అదే అయ్యారు. లూకా డ్రైవరయ్యాడు, విల్‌ఫ్రెడ్ గూడ్సు గార్డయ్యాడు, సరోజమ్మ డ్రైవరు పెళ్ళాంగా పాసుల మీద దేశమంతా తిరిగింది. దేవమణి స్టేషన్లో నిలబడి వచ్చేపోయేవాళ్ళని చూసింది. ఒకటి రెండు సంబంధాలు వచ్చాయి, పోయాయి. తండ్రి మంచాన పడ్డాడు, చెల్లెలి పెళ్ళి చెయ్యాల్సి వచ్చింది, ఆ తర్వాత ఒంటరితనం అలవాటైపోయింది. ఎవరికీ అక్కర్లేని ఆ పీటని మాత్రం తెచ్చి ఉంచుకుంది. దాని మీద కూర్చునే బట్టలుతుకుతుంది, వంకాయలు తరుగుతుంది.

మధ్యాహ్నం ఆఫీసులో శాలువా కప్పి, రసగుల్లా తినిపించి, గోడగడియారం చేతికిచ్చారు. బతుకంతా స్టేషన్ గడియారం కింద గడిపినదానికి మళ్ళీ గడియారమా అని నవ్వొచ్చింది. తాళాల గుత్తి కొత్త ఆయాకిచ్చి, రిక్షా ఎక్కి నిమ్‌పురాలో తన క్వార్టరుకి వచ్చేసింది.

సామాను సర్దిపెడతానని మొగుడికి వంక చెప్పి సరోజమ్మ అప్పటికే వచ్చి కూర్చుంది. ఇద్దరూ కలిసి పెరట్లో రైలు కట్టారు. ముందు బొగ్గుల కుంపటి, దాని మీద టీ కెటిలు. దాని ముక్కులోంచి ఆవిరి చిమ్ముతుంటే అదే ఇంజను. దాని వెనక డ్రైవరుకి కుర్చీ. ఆ వెనక పక్కింటివాళ్ళ బెంచీలు, చిట్టచివర గార్డుకి బోర్లించిన బకెట్టు. కొబ్బరిచిప్పలు గీకి నునుపు చేసి వరసగా పెట్టారు. వెయిటింగ్ రూములో జనం పారేసి పోయిన అట్ట టికెట్లు దేవమణి ఏరి ఉంచింది, తలా ఒకటి. పాత ఎర్ర రవిక చింపి, తెల్లపట్టీ వేసి, చేతికి పొడుగాటి తొడుగు కుట్టింది. సిగ్నలు రెక్క ఎరుపు మీద తెలుపు కదా.

ఇక లూకాని తేవడం విల్‌ఫ్రెడ్ పని. రైల్వేలో డ్రైవర్లని డ్యూటీకి పిలవడానికి కాల్‌మన్ ఇంటికొస్తాడు. అర్ధరాత్రైనా అపరాహ్ణమైనా గుమ్మంలో నిలబడి పేరు పెట్టి కేకేస్తాడు. ఆ కేక వింటే డ్రైవరు ముందు లేస్తాడు, తర్వాత మేలుకుంటాడు. విల్‌ఫ్రెడ్ ఖాకీ చొక్కా తొడుక్కుని ఝపటాపూర్ వెళ్ళి, లూకా మధ్యాహ్నం కునుకులో ఉండగా గుమ్మంలోంచి "లూకా డ్రైవర్! కాల్!" అని గొంతు మార్చి అరిచాడు. అంతే. లూకా దిగ్గున లేచి, చొక్కా తగిలించుకుని, బూట్లు తొడుక్కుని, డ్యూటీకి తీసుకెళ్ళే రేకు పెట్టె పట్టుకుని వీధిలోకొచ్చి రిక్షాలో కూర్చున్నాడు. సగం దారి వచ్చాక గాని తనకి డ్యూటీ లేదని గుర్తు రాలేదట. అక్కణ్ణించి దారంతా తిట్లేనని విల్‌ఫ్రెడ్ తర్వాత కడుపు పట్టుకుని నవ్వుతూ చెప్పాడు.

వీధిలో రిక్షా ఆగిన చప్పుడవగానే దేవమణి ఎర్ర తొడుగు వేసుకుని, గేటుకి ఎదురుగా పీట ఎక్కింది. చెయ్యి అడ్డంగా చాపింది.

లూకా చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుని ఉన్నాయి. "ఏటే దేవమణీ! ముసిలోడితో పరాసికాలా? సిగ్గు నేదేటి మీకు?" అని అరుస్తూ గేటు తోశాడు. తోసి ఆగిపోయాడు. కాలు లోపల పెట్టలేదు. డేంజరు మీదున్న సిగ్నలు దాటి రావడమన్నది ఆయన ఒంట్లో లేదు.

"దించే," అన్నాడు.

"ఏటి కనబడతంది బావా?"

"నీ మొకం."

"మొకం కాదు. సిగ్నలు."

కళ్ళు చికిలించి చూశాడు. "సెయ్యి కనబడతంది."

"ఏ రంగు?"

సరోజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. విల్‌ఫ్రెడ్ నేలచూపులు చూశాడు. అడగకూడనిది అడిగానని దేవమణికీ తెలుసు. అయినా చెయ్యి కదపలేదు.

"రంగు తెల్దే," అన్నాడు లూకా చివరికి. రెండేళ్ళలో ఆ మాట పెళ్ళాంతో కూడా అనలేదు. "బూడిద లాగున్నాది. సెయ్యి మట్టుకు సక్కగా కనబడతంది. అడ్డంగా ఉంది. డేంజరు."

"అంతే కదేటి మరి. ఎప్పుడైనా నా రంగు సూసి తోలినావేటి నువ్వు?" అంటూ దేవమణి చెయ్యి దించింది.

లూకా లోపలికొచ్చాడు. నవ్వలేదు. రేకు పెట్టె కింద పెట్టి, కుర్చీలో కూర్చుని, కుంపటి వంక నిదానంగా చూశాడు. "బొగ్గెవుడేసినాడు? ఇంత బొగ్గుకి స్టీమెక్కుతాదేటి?" అని చేత్తో ఇంకాస్త వేసి ఊదాడు. విల్‌ఫ్రెడ్ బకెట్టు మీద కూర్చుని నిజం ఈలే ఊదాడు. పక్క క్వార్టరులో కుక్కలు మొరిగాయి.

ఆ తర్వాత ఎవరికీ వయసు గుర్తు లేదు. కొబ్బరిచిప్పల్లో అల్లం టీ పోసుకున్నారు. పళ్ళు లేని విల్‌ఫ్రెడ్ జీడిని దవడకి అంటించుకుని మాట రాక చేతులూపాడు. టికెట్టు చెల్లదని గార్డు సరోజమ్మని పట్టుకుంటే, "నాను డ్రైవరు పెళ్ళాన్ని, తెల్సా?" అని దబాయించింది. లూకా నోటితో కూత కూశాడు, ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. సరోజమ్మ నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. తమ ఇంట్లో ఆయన గొంతు ఇలా విని రెండేళ్ళు.

"నువ్వూ వచ్చి కూకోయే," అంది స్నేహితురాలితో.

దేవమణి ప్రతి స్టేషనుకీ దిగి టీ పోసి, మళ్ళీ పీట ఎక్కుతోంది. "నాను దిగిపోతే రైలు గుద్దుకుంటాది," అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

లూకా కూత ఆపి ఆమె వంక చూశాడు. తర్వాత ఆమె కాళ్ళ కింది పీట వంక చూశాడు.

పొద్దు వాలింది. ట్రంకు పెట్టె, గోడగడియారం రిక్షాలోకి ఎక్కించారు. పీటకి చోటు చాలక అది పెరట్లోనే ఉండిపోయింది. లూకా ఇంజను దగ్గరే కూర్చుని, ఆరిపోతున్న బొగ్గుల్ని పుల్లతో కదుపుతున్నాడు.

"ఎల్తాను బావా."

"ఎల్లు," అన్నాడు, తల తిప్పకుండా.

స్టేషన్‌కి రమ్మని అడగాలని నోటిదాకా వచ్చింది. ఒట్టు పెట్టుకున్న మనిషిని ఇబ్బంది పెట్టడం ఎందుకని మింగేసింది. కూత కూశాడు, అది చాలు అనుకుంది. చాలలేదు. రిక్షాలో స్టేషన్ దాకా వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉంది.

మెయిలు వచ్చింది. విల్‌ఫ్రెడ్ కిటికీ పక్క సీటు పట్టి, ట్రంకు పెట్టె కింద తోశాడు. సరోజమ్మ మిగిలిన నిమ్మతొనలు పొట్లం కట్టి కిటికీలోంచి ఇచ్చింది. దేవమణి వంగి ప్లాట్‌ఫారం చివరిదాకా చూసింది. ఖరగ్‌పూర్‌లో అంత పొడుగు ప్లాట్‌ఫారం చివర కనబడాలంటే మంచి కళ్ళుండాలి. జనం, కూలీలు, చాయ్ బండ్లు. ఆ జనంలోంచి భుజం మీద ఏదో మోసుకుంటూ, అందర్నీ తోసుకుంటూ ఓ మనిషి వస్తున్నాడు.

లూకా. భుజం మీద పీట.

కిటికీకి ఎదురుగా వచ్చి పీట దించాడు. ఆయాసపడుతూ జేబులోంచి ఎర్ర తొడుగు తీసి కుడిచేతికి ఎక్కించుకుని, పీట ఎక్కాడు. ముసలాడు పడతాడని సరోజమ్మ నడుం పట్టుకుంది. ఆయన చెయ్యి అడ్డంగా చాపాడు.

జనం మూగారు. టీసీ పరుగున వచ్చాడు. "దాదా, ఎటా కీ హొచ్ఛే?" ఏం జరుగుతోందిక్కడ అని అడిగాడు.

"సిగ్నల్ హై," అన్నాడు విల్‌ఫ్రెడ్ గంభీరంగా.

"కూకున్నావేటే?" అని లూకా గట్టిగా అడిగాడు.

"కూకున్నాను బావా."

"సరిగ్గా కూకో. ఇయాల నువ్వు పాసింజరివి. రేపు రేపన్నాం కదేటి, ఇదే ఆ రేపు."

దేవమణి సరిగ్గా కూర్చుంది. వీపు ఆనించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడిపిల్లలాగా. కళ్ళు నిండిపోయాయి. నవ్వు ఆగలేదు. ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఎక్కడో ముందు అసలు సిగ్నలు పడింది, అసలు గార్డు ఈల వేశాడు. కాని లూకా చెయ్యి దించాకే బండి కదిలిందని ఆమె పలాసలో ఎవరితోనైనా ప్రమాణం చేసి చెప్పగలదు.

ముగ్గురూ కిటికీ పట్టుకుని బండితో పాటు నడిచారు, తర్వాత చేతులూపుతూ పరుగెత్తారు. లూకా అందరికంటే ముందున్నాడు, ఎర్ర చెయ్యి పైకెత్తి ఊపుతూ. వాళ్ళ వెనక, ఇందాక ఆమె కిటికీ ఉన్నచోట, చాయ్ బండికీ కూలీల బండికీ మధ్య, ముక్కాలిపీట ఖాళీగా నిలబడి ఉంది.