డ్రైవరు మాట

మునిచంద్ర చక్రాలను ఒక్కొక్కటిగా కాలితో తన్ని చూసి, తడిగుడ్డతో అద్దం తుడిచి, బస్సెక్కి కూర్చున్నాడు. కూర్చోవడమంటే ఊరికే కూర్చోవడం కాదు. వీపు రెండుసార్లు అటూ ఇటూ జరిపి, ఖాకీ చొక్కా కాలరు వెనక చేతిగుడ్డ దోపి, గొంతు సవరించుకుని, అప్పుడు తాళం తిప్పుతాడు. కాలేజీ బస్సు చేతికొచ్చిన నాటి నుంచీ ఇదే వరస. కిటికీ వైపున్న కుడిచెయ్యి ఎండకు మాడి ఎడమచేతి కంటే బాగా నల్లబడింది. మనిషి పొట్టి. మీసం మాత్రం పొడుగు.

తిరుపతి దారిలో ఉన్న ఆ కాలేజీ ప్రిన్సిపాలెవరో నగరి చుట్టుపక్కల తల్లిదండ్రులకు తెలియదు. డ్రైవరు తెలుసు. అడ్మిషన్ల కాలం వచ్చిందంటే చాలు, ప్రతి స్టాపులోనూ ఎవరో ఒకరు మెట్టు మీద కాలుపెట్టి, "ఏమప్పా, కాలేజీ ఎట్టుండాది?" అని అడుగుతారు. పాపం, రంగురంగుల కాగితాలు చూసి తేల్చుకోగలిగినవాళ్ళా వాళ్ళు! మనిషి మొహం చూసి నమ్మేవాళ్ళు.

"మా పాప ఆడే సదివినాది. ఎంబీఏలోనే కంప్యూటరు సదువు కూడా కలిపి సెప్తారు. యాపారమూ వచ్చు, కంప్యూటరూ వచ్చు. ఇప్పుడు తిరుపతిలో కంపెనీలో ఉండాది" అనేవాడు మునిచంద్ర. నిజమనుకునే చెప్పేవాడు. కూతురు రోజూ పొద్దున్నే మెడలో కార్డు వేసుకుని రైలెక్కుతోంది, నెలకోసారి జీతం తెస్తోంది. అంతకు మించి తండ్రికి ఏం కావాలి?

ఆ రోజు నగరిలో చిన్నబ్బ ఎక్కాడు, కూతురు కోమలిని వెంటబెట్టుకుని. పవర్‌లూమ్ మీద లుంగీలు నేసే మనిషి. ఎంత కడుక్కున్నా కనుబొమల మీద నూలు దుమ్ము వదలదు. కోమలి వెనక ఆడపిల్లల మధ్య కూర్చుంది. చిన్నబ్బ ఇంజను పక్క సీటులో కూర్చుని చొక్కా జేబును ఒకటికి రెండుసార్లు తడిమి చూసుకున్నాడు.

"మగ్గాలు అమ్మేసినానప్పా."

"రెండూనా?"

"రెండూ. నిన్న అరవోళ్ళు వచ్చి లారీలో ఏసుకుని పోయినారు. ఈ పొద్దు ఫీజు కట్టేస్తే బిడ్డ ఒడ్డున పడతాది. అంతా నీ కూతురు పుణ్యం."

మునిచంద్ర గేరు మార్చబోయి ఆగాడు. "నా కూతురా?"

"లోహితే గదా నీ కూతురు? వారం దినాలుగా రోజూ ఫోను సేస్తా ఉండాది. 'నేనూ ఆ కోర్సే సదివినా, అనుమానముంటే మా నాయన్ని అడుక్కోండి, మీ రూటు బస్సు తోలేది ఆయనే' అనింది. అంత కన్నా ఏం గావాలప్పా?"

ఎంత మంచి పిల్ల, ఊరివాళ్ళకు సాయం చేస్తోంది అనుకున్నాడు మునిచంద్ర. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. చిన్నబ్బ ఫోను మోగింది. నలుగురూ వినాలని అతను స్పీకరు పెట్టాడు.

"బయల్దేరారా అంకుల్? నేను లోహితను. నాన్నగారి బస్సులోనే వస్తున్నారా? చాలా మంచిది. నేను ఇదే కోర్సు చేసి బిజినెస్ అనలిస్టుగా పనిచేస్తున్నాను..."

గొంతు కూతురిదే, మాట మాత్రం ఎవరిదో. ఆ గొంతు వెనక ఇంకా చాలా గొంతులు వినిపించాయి. "నేను కూడా ఇదే కోర్సు చేశాను సార్" అని ఒకమ్మాయి. "నేను కూడా ఇదే కోర్సు..." అని ఒకబ్బాయి. ఇంతమంది నోళ్ళలో ఒకే మాటా!

పుత్తూరు దాటాక టీ అంగడి దగ్గర లెక్చరర్ల కోసం బస్సు ఆపుతాడు. దిగి, అంగడి వెనక్కి పోయి, కూతురికి ఫోను చేశాడు.

"పాపా, నువ్వు సేసే పని ఏంది?"

"చెప్పినా గదా నాయనా, డేటా..."

"నిజం సెప్పు."

అవతల తలుపు మూసిన చప్పుడయింది.

"మా క్లాసులో ఎవురికీ ఉద్యోగం రాలా నాయనా. నాకొక్కదానికే ఇచ్చినారు. ఇదే పని. పిల్లోళ్ళకు ఫోన్లు సేసి చేర్పించేది. కాలేజీ చేరమన్ బామ్మర్దిదే కంపెనీ."

"నా పేరెందుకే తీసినావు?"

"కోర్సు చివర ప్రాజెక్టు చెయ్యమన్నారు గదా. ఏ రూట్లో ఎంతమంది చేరతారో కంప్యూటర్లో వేసి చూసినా. మన రూట్లోనే ఎక్కువ. ఎందుకని తవ్వి చూస్తే, నువ్వు నాయనా. నిన్ను అడిగినోళ్ళంతా చేరినారు. సారు నన్ను మెచ్చుకుని, నీ పేరే అందరికీ చెప్పమని రాసిచ్చినాడు." గొంతు పెంచింది. "ఫస్టు మార్కు వచ్చినాది నాయనా దానికి."

కన్న కూతురు తండ్రి పరువును గీసి గీసి లెక్క కట్టి, కాలేజీకి అప్పజెప్పింది. అదీ గర్వంగా! ఆ చదువుకు ఆమెను తీసుకుపోయింది తానే, ఈ బస్సులోనే. మునిచంద్రకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. ఏది ముందొచ్చిందో తెలియలేదు. ఫోను పెట్టేసి, మొహం కడుక్కుని బస్సెక్కాడు.

ఆ తరువాత దారంతా చిన్నబ్బ మాట్లాడుతూనే ఉన్నాడు. మునిచంద్ర లోపల లెక్క వేసుకుంటున్నాడు. చెబితే కూతురి ఉద్యోగం పోతుంది, తనదీ పోతుంది. చెప్పకపోతే వెనక సీట్లో ఉన్న పిల్ల రేపు లోహిత పక్కనే కూర్చుని ఇంకెవరి బిడ్డకో ఫోను చేస్తుంది.

కాలేజీలో అందరూ దిగారు. చిన్నబ్బ చివరి మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగాడు.

"నీ నోటితో ఒక్క మాట సెప్పప్పా. కట్టేస్తా."

"కట్టొద్దు" అన్నాడు మునిచంద్ర.

"ఏందీ?"

"కట్టొద్దు సిన్నబ్బా. నా బిడ్డకు ఆ సదువుతో ఏ ఉద్యోగమూ రాలా. ఇట్ట మీకు ఫోన్లు సేసేదే దాని ఉద్యోగం. నాకు ఈ పొద్దే తెలిసినాది."

చిన్నబ్బ చేతులెత్తి దండం పెడతాడేమో అనుకుంటాం మనం. పెట్టలేదు. మునిచంద్ర కాలరు పట్టుకున్నాడు. "మగ్గాలు అమ్మేసినాక సెప్తావా! నిన్న యాడికి పోయినావురా!" అని గట్టిగా అరిచాడు. మునిచంద్ర ఆ చేతిని విడిపించుకోలేదు. కోమలే పరుగెత్తుకొచ్చి తండ్రిని లాక్కుపోయింది. కాలేజీలో సగం మంది కిటికీల్లోంచి చూశారు.

మధ్యాహ్నానికి బస్సుల అజమాయిషీ చూసే గిరి వచ్చాడు. మంచివాడే, తల దించుకునే మాట్లాడాడు. "తాళం ఇచ్చిపోన్నా. నన్నేం అడగొద్దు."

మునిచంద్ర తాళం ఇచ్చేసి, ఆర్టీసీ బస్సులో నిలబడి నగరి చేరాడు. ఇంటికొచ్చేసరికి పొద్దుగూకుతోంది. భార్య వరలక్ష్మమ్మ గడపలో కూర్చుని ఉంది.

"పాప వచ్చినాదా?"

"వచ్చినాది, పోయినాది. దాన్నీ పనిలోంచి తీసేసినారంట. బట్టలు సర్దుకుని మద్రాసు రైలెక్కినాది. ఎవురో స్నేహితురాలు ఉండాదంట."

"ఏమన్నా సెప్పినాదా?"

వరలక్ష్మమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, "'ఆ బిడ్డను ఆపినాడంట నాయన, మంచిది. నేను చేరిన పొద్దు నన్నెవురు ఆపినారు?' అనింది" అంది.

మునిచంద్ర లోపలికి పోయాడు. కూతురి మంచం మీద దుప్పటి నీటుగా మడతపెట్టి ఉంది. దాని మీద, చెవులకు తగిలించుకుని మాట్లాడే నల్లటి హెడ్‌ఫోన్, నోటి దగ్గరికి వంచిన మైకుతో, మాట్లాడేవాళ్ళు లేకుండా పడి ఉంది.