బ్యాండు ముందు నడిచినవాడు

ఆ నగరంలో బ్యాండు మేళాలు చాలానే ఉన్నాయిగానీ, ఆడమనిషి కర్ర పట్టుకుని నడిపించే మేళం ఒక్కటే. ఆమెను అందరూ మాస్టరు అనేవారు. కన్నతల్లి కూడా పోయే ముందు అలాగే పిలిచిందట. ఆమె మేళం పెళ్ళిళ్ళకు వాయించేది, దుకాణాల ప్రారంభాలకు వాయించేది, చావులకు వాయించేది. ఏడాదికోసారి, ఆడా ఆడా, మగా మగా జంటలు తలెత్తుకుని నడిచే ప్రైడ్ ఊరేగింపుకు ముందు నడిచి వాయించేది. మిగతావన్నీ పొట్టకోసం, ప్రైడ్ మాత్రం గుండెకోసం.

బ్యాండువాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. మాస్టరు కర్రకు ముందు నాలుగైదు అడుగులు ఖాళీగా వదిలేస్తారు. ఆ ఖాళీ ఆ రోజు కార్యం ఎవరిదైతే వాళ్ళ పెద్దది. పెళ్ళయితే పెళ్ళివారి పెద్ద, చావైతే చచ్చినవారి పెద్ద అక్కడ నడుస్తాడు. ఆ పెద్దమనిషి ఎటు వెళ్తే బ్యాండు అటు వెళ్తుందని చూసేవాళ్ళు అనుకుంటారు. అంతా భ్రమ. బ్యాండు ఎటు తోస్తే పెద్దమనిషి అటు పోతాడు. వీధి ఈ గోడ నుంచి ఆ గోడదాకా ఇత్తడి బూరాలు, వాటి వెనక డోలు, దాని వెనక జనం తోసుకొస్తుంటే వెనక్కి తిరగగలిగిన మగాడు ఇంకా పుట్టలేదు.

మాస్టరు, ఆమె మనిషి ఇద్దరూ వాయిద్యాల కొట్టు మీద రెండు గదుల్లో కాపురం ఉండేవారు. ఆమె మనిషి క్లారినెట్ వాయించేది కాబట్టి మేళమంతా ఆమెను క్లారినెట్ అనే పిలిచేవారు. ఇంటికి వెళ్ళే మెట్లు ఎంత ఇరుకంటే, డోలు వాయించే బాబాయ్ భోజనానికి వచ్చినప్పుడల్లా "దూర సందు లేదు, మెడకో డోలు" అని తనమీద తనే నవ్వుకుంటూ, డోలు కిందే వదిలి పక్కకు తిరిగి ఎక్కేవాడు. పొద్దున ఒకామె టీ పెడితే ఇంకొకామె బూరాలు తుడిచేది. వాయిద్యం మూతికి బిగించే రీడు తడిపి నోట్లో పెట్టుకుని క్లారినెట్ వాదనకు దిగితే ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. మాస్టరు అన్నిటికీ సరే అనేది. మొగుడూ పెళ్ళాల కాపురాలు అంతకంటే గొప్పగా ఏమీ ఉండవు.

క్లారినెట్‌కు ఒక అన్న ఉన్నాడు, పెద్ద బట్టల షోరూమ్ యజమాని. చెల్లెలు ఆ గదుల్లోకి మారిన రోజునుంచీ ఆమె పేరెత్తడం మానేశాడు. ఆమెకు జబ్బు చేసి వారం తిరక్కుండానే పోతే మాత్రం అందరికంటే ముందు ఆస్పత్రికి వచ్చి, రక్తసంబంధం చూపించి శవాన్ని తీసుకుపోయాడు. ఊరి చివర గుట్టమీద వాళ్ళ కుటుంబాలు నాలుగైదు కలిసి కొనుక్కున్న శ్మశానం ఉంది. చుట్టూ గోడ, ఇనుప గేటు, గేటుకో కాపలావాడు. మాస్టరు మేళమంతటితో యూనిఫాం వేసుకుని అక్కడికి వెళ్ళింది. ఊళ్ళో ముక్కూ మొహం తెలియని శవాలన్నిటికీ వాయించిన మేళం అది.

షోరూమ్ ఆయన గేటుకు అడ్డంగా నిలబడి ఒకే మాట అడిగాడు.

"నువ్వెవరు?"

స్నేహితురాలినంటే అబద్ధం. భార్యనంటే అక్కడ చేరిన బంధువులంతా నవ్వుతారు. మాస్టరు వెనక్కి తిరిగి వచ్చేసింది. ఆయన అడిగినందుకు కాదు, తాను జవాబు చెప్పలేకపోయినందుకు ఆమె కడుపు అప్పటినుంచీ మండుతూనే ఉంది. ఆ తర్వాత ఎన్నోసార్లు పూలు పట్టుకుని ఆ గేటు దగ్గరికి వెళ్ళింది. కుటుంబం వాళ్ళకే ప్రవేశమని కాపలావాడు ప్రతిసారీ చెప్పేవాడు. పాపం, వాడి ఉద్యోగం వాడిది. పూలు గేటు ఊచలకు గుచ్చి వచ్చేది. క్లారినెట్ ఏ మూల పడుకుందో కూడా ఆమెకు తెలియదు.

ఇలా ఉండగా, ఈ ఏడు ప్రైడ్ ఏర్పాట్లకు అందరూ ఎప్పటిలాగే పళ్ళడాక్టరు క్లినిక్‌లో కలిశారు. ఊరేగింపు సంఘానికి ఆయనే పెద్ద. రోజంతా జనం నోళ్ళు తెరిపించే వృత్తి కాబట్టి మీటింగుల్లో నోళ్ళు మూయించడం కూడా ఆయనకు బాగా తెలుసు. ఈసారి వేదిక, మైకులు, మంచినీళ్ళు, అంబులెన్సు అన్నీ ఒకే దాత భరిస్తున్నాడని చెప్పి, ఆ దాత పంపిన బ్యానర్ నమూనా చుట్ట అప్పుడే విప్పి బల్లమీద పరిచాడు.

బ్యానర్ నిండా క్లారినెట్ నవ్వుతోంది. చుట్టూ ఇంద్రధనుస్సు రంగులు. కింద "మా ముద్దుల చెల్లెలి జ్ఞాపకంగా, ప్రేమకు మా అండ" అని పెద్ద అక్షరాల్లో రాసి, అంతకంటే పెద్ద అక్షరాల్లో షోరూమ్ పేరు వేశారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. బతికుండగా గడప తొక్కనివ్వని చెల్లెలు చచ్చాక ముద్దులదైంది. కుర్రకారంతా ప్రైడ్ వైపు ఉందనీ, కుర్రకారే బట్టలు కొంటుందనీ ఆయనకు ఎవరో చెప్పి ఉంటారు.

ఫొటో పక్కకు కత్తిరించారు. క్లారినెట్ భుజం మీద నాలుగు వేళ్ళు మాత్రం మిగిలిపోయాయి.

"ఈ చెయ్యి నాది," అంది మాస్టరు.

గదిలోంచి అందరూ వెళ్ళేదాకా డాక్టరు ఆగాడు. ఆ దాత క్లారినెట్ అన్నేనని తనకు అంతవరకూ తెలియదని ప్రమాణం చేశాడు. అన్నీ తిప్పి పంపేస్తానన్నాడు, పంపేస్తే మాత్రం ఈ ఏడు ఊరేగింపు ఉండదని కూడా దాచకుండా చెప్పాడు. మాస్టరు పేషెంట్లు కూర్చునే కుర్చీలోనే కూర్చుని చాలాసేపు పళ్ళు నూరింది. ఆ చప్పుడు వినలేక డాక్టరే విలవిల్లాడిపోయాడు.

"ఏదీ తిప్పి పంపకండి. ఆయన్ని బ్యాండు ముందు నడవమని నేనే పిలుస్తున్నానని చెప్పండి. ఫొటోలు బాగా వస్తాయని కూడా చెప్పండి."

ఆ తర్వాత ఆమె తన మనసులో ఉన్నదంతా చెప్పేసింది. తనకు కావలసింది ఆ గేటు లోపలికి వెళ్ళడం. ఆయన వెంట, ఆయన నోటితోనే తెరిపించి, ఊరంతా చూస్తుండగా వెళ్ళడం. ఇది ఊరేగింపు సంగతి కాదనీ పగ సంగతనీ, కాదని బుకాయించననీ అంది. డాక్టరు చేతి తొడుగులు ఒక్కొక్కటే తీసి బుట్టలో పడేశాడు. ఆయనతో కలిసి బతికిన మనిషి కూడా ఒకప్పుడు ఇలాగే పోయాడు. అప్పుడు డాక్టరు శ్మశానం బయట కారులో కూర్చున్నాడు. దారి మార్చమని తాను ఎవరికీ చెప్పలేననీ, అయితే ముందున్న బ్యాండు ఎటు తిరిగితే వెనకవాళ్ళు అటే వస్తారు కదా అనీ అన్నాడు.

బాబాయ్ మాత్రం పగ మంచిది కాదమ్మా అని నచ్చజెప్పబోయాడు. అంతలోనే డోలు తాళ్ళు బిగించుకుంటూ, ఒక్కోసారి మంచి కానిదే మందవుతుందిలే అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

ఊరేగింపు రోజు ఎండ పేలిపోతోంది. షోరూమ్ ఆయన తెల్ల సూటు వేసుకుని, జేబులో రంగురంగుల రుమాలు పెట్టుకుని కారు దిగాడు. మాస్టరును చూసి ఒక్క క్షణం తటపటాయించాడు. కెమెరాలు ఉన్నాయి కాబట్టి చేతులు జోడించాడు. ఆమె అంతకంటే వినయంగా జోడించి, కర్ర ముందున్న ఖాళీ చూపించింది. అక్కడ ఎందుకు నిలబెడుతున్నారని బ్యాండు తెలిసినవాడైతే ఒక్కసారైనా అడిగేవాడు. ఆయనకు తెలిసిందల్లా ముందు వరస ఫొటోలో పడుతుందని.

మేళం లేచింది. వెనక జనం నేల ఈనినట్టు వచ్చారు. చేయి చేయి పట్టుకున్న ఇద్దరు ముసలాయనలు, ఎండలో అలసిపోకుండా ఆడుతున్న ట్రాన్స్ అక్కలు, "మా అమ్మాయి మాకు ముద్దే" అని అట్ట పట్టుకున్న ఒక తల్లి, డ్యూటీ బట్టల్లోనే వచ్చేసిన నర్సులు, సంఘీభావం అంటూ తమ ఎర్రజెండాతో కలిసిన బస్సు డ్రైవర్లు. షోరూమ్ ఆయన రెండు పక్కలకూ చెయ్యి ఊపుతూ పెళ్ళికొడుకులా నడిచాడు. మేడల మీంచి పూలు పడుతుంటే అవి తనకోసమే అనుకున్నాడు.

నాలుగు రోడ్ల కూడలి వచ్చింది. ఎడమకు తిరిగితే వేదిక ఉన్న మైదానం. కుడికి తిరిగితే గుట్ట. మాస్టరు కర్ర ఎత్తి కుడికి వాల్చింది. బాబాయ్ డోలు ఒక్కసారి ఆగి, నిదానం దెబ్బ అందుకుంది. చావుల ముందు వాయించే దెబ్బ.

షోరూమ్ ఆయన ఎడమకు రెండడుగులు వేసి, వెనక ఎవరూ లేరని గ్రహించి తిరిగి చూశాడు. బూరాలన్నీ కుడికి మళ్ళుతున్నాయి. ఎడమకు, ఎడమకు అని చేత్తో సైగ చేశాడు. మాస్టరు తల వంచి నమస్కరించింది, కర్ర మాత్రం దించలేదు. ఆయన ఏదో అరిచాడుగానీ ఆ మోతలో అది ఆయనకే వినపడి ఉండదు. సరిగ్గా అప్పుడే వెనక బండిమీది మైకులో డాక్టరు గొంతు లేచింది. అన్నగారు మనందరినీ తన చెల్లెలి సమాధి దగ్గరికి తీసుకెళ్తున్నారని, ఆ మంచి మనసుకు చప్పట్లు కొట్టమని చెప్పాడు. నేల అదిరేలా చప్పట్లు. కొందరు ఏడ్చారు కూడా. కెమెరాలవాళ్ళు ఆయన ముందుకు పరుగెత్తారు.

ఆయన పని ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. కాదంటే ఇన్ని కళ్ళముందు చెల్లెలి సమాధికి వెళ్ళనన్నవాడు అవుతాడు. నడిచాడు. గుట్ట ఎక్కుతుంటే తెల్ల సూటు చంకల దగ్గర తడిసి మచ్చ కట్టింది. ఆ మచ్చ పెద్దదవుతుంటే మాస్టరు కళ్ళారా చూసింది. ఆమెకు సంతోషం కలిగింది. అలాంటి సంతోషానికి సిగ్గుపడాలంటారు పెద్దలు. ఆమె పడలేదు.

గేటు దగ్గర కాపలావాడు ఆయన్ని చూసి సలాం కొట్టాడు, వెనక వీధంతా నిండిన జనాన్ని చూసి బిగుసుకుపోయాడు. షోరూమ్ ఆయన మాస్టరు దగ్గరికి వచ్చి, పళ్ళ బిగువున నవ్వుతూనే, గొంతు తగ్గించి బేరం పెట్టాడు. ఇక్కడితో ఆపేస్తే రేపు పొద్దున ఆమె ఒక్కదాన్నే తానే కారులో తీసుకొస్తానన్నాడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు రానిస్తానని మాటిస్తానన్నాడు.

ఆమె కోరుకున్నది దొరుకుతోంది. ఇంతకాలం ఊచలకు పూలు గుచ్చిన మనిషి, సమాధి ముందు ఒంటరిగా కూర్చుని తనివితీరా ఏడవవచ్చు. ఆమె కర్ర సగం దించింది. దొంగచాటుగా రమ్మంటున్నాడని తట్టేసరికి సగంలో ఆపింది. కర్ర అడ్డంగా ఎత్తింది. మేళం ఠక్కున ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఆమె గొంతు ఎంత దూరం వినపడాలో అంత దూరమూ వినపడింది.

"గేటు తీయమనండి బావగారూ."

ఆ ఒక్క పిలుపుతో ముందు వరసలన్నిటికీ ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిసిపోయింది. అది నోటినుంచి నోటికి వెనక్కి పాకింది. షోరూమ్ ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. నువ్వెవరని మళ్ళీ అడగడానికి ఆయనకు నోరు రాలేదు. కాపలావాడు ఆయన వైపు చూశాడు. ఆయన తల ఊపాడు. గేటు తెరుచుకుంది.

సమాధి గోడ వారగా, చివరి వరసలో ఉంది. బూడిదరంగు రాయి. దాని మీద ఆమె పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. కింద ఒక్క మాట చెక్కించారు: అవివాహిత.

మాస్టరు ఏడవడానికే వచ్చింది. ఏం మాట్లాడాలో కూడా అనుకుని వచ్చింది, ఎండలో నీడలేని చోట పెట్టారేంటే అని మొదలుపెట్టాలనుకుంది. ఆ మాట చూశాక కళ్ళలో నీళ్ళు వచ్చినవి వచ్చినట్టే ఇంకిపోయాయి. శవాన్ని దొంగిలించాడని ఇన్నాళ్ళూ అనుకుంది. కాపురాన్నే దొంగిలించాడు. ఇద్దరూ కలిసి బతికిన బతుకంతా లేదని రాతిమీద రాయించాడు.

"చదవండి బావగారూ," అంది.

ఆయన పెదవులు కదిపాడు. వెనక ఉన్నవాళ్ళకు వినపడటం లేదని ఎవరో అన్నారు. డాక్టరు మైకు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన పేరు చదివాడు. తేదీలు చదివాడు. చివరి మాట దగ్గర ఆగిపోయాడు. ఎవరూ అరవలేదు, తిట్టలేదు. చేతులు పట్టుకున్న ముసలాయనలిద్దరూ ఆయన వైపే చూస్తున్నారు. అందరూ ఎదురుచూశారు. చివరికి ఆయన ఆ మాట అన్నాడు. మైకులో అది గోడలకు తగిలి తిరిగి వచ్చింది.

ఆయన మైకు దించి, కోటు అంచుతోనే మొహం తుడుచుకున్నాడు. ఇప్పుడు గొంతులో బేరం లేదు.

"రాయి మార్పిస్తాను. రేపే మార్పిస్తాను. నీ పేరు కూడా పక్కన చెక్కిస్తాను. చాలా?"

బాబాయ్ ఒప్పుకోమన్నట్టు చూశాడు. డాక్టరు కూడా అలాగే చూశాడు. మాస్టరు వంగి, రాతి మీది ఆ అక్షరాలను చేత్తో ఒకసారి తడిమింది. దుమ్ము తుడిచింది.

"వద్దండీ. మారిస్తే మీరు చేసింది చెరిగిపోతుంది, రాయి ఇలాగే ఉండాలి. ఏటా ఈ రోజున ఊరేగింపు ఇటే వస్తుంది. మీరే ముందు నడవాలి. ఇక్కడ నిలబడి, ఇందరి ముందూ, ఆ మాట మీ నోటితో మీరే చదవాలి."

"నేను రాకపోతే?"

"వస్తారు బావగారూ. బ్యాండు మీ ఇంటి గుమ్మం ముందునుంచే బయలుదేరుతుంది."