మేలుకున్నట్టు కల

రాజపాళయంలో మా ఇళ్లన్నిట్లో తెలుగు మాట్లాడతాం, చదవడం మాత్రం రాదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. నలభై ఆరేళ్లు వచ్చేదాకా నాకు తెలుగు అక్షరం ముక్క తెలీదు. ఇప్పుడు ఇది రాస్తున్నానంటే దానికి కారణం ఒక కల.

నూలు మిల్లులో నాది రాత్రి షిఫ్టు సూపర్‌వైజర్ పని. పొద్దున ఇంటికొచ్చి మధ్యాహ్నం దాకా పడుకుంటాను. పోయిన ఐప్పశిలో, దీపావళి వచ్చే నెలలో, ఒక రోజు నేను వచ్చేసరికి అమ్మ సంచీ సర్దుకుని కూచుంది. తళవాయిపురంలో పిన్ని ఇంటికి పోవాలట. బస్టాండుకు తీసుకెళ్లాను. బస్సు ఇంకా రాలేదు.

"కొంచేపు కూచోమ్మా రంగూ. బస్సు వచ్చినాక పోదువు," అంది.

నాకు కళ్లు మూతలు పడుతున్నాయి. పైగా నా నోరు మంచిది కాదు. "నాకు నిద్ర వద్దా? నీ మాదిరి సుమ్మా, ఊరికే కూచునేదానికి అయితుందా?" అని కసిరి వచ్చేశాను. ఆ సాయంత్రమే పిన్ని ఇంట్లో అమ్మ గుండె ఆగిపోయింది.

అప్పట్నించి పడుకుంటే అదే బస్టాండు, అదే బెంచీ. ప్రతిసారీ కసురుతాను, ప్రతిసారీ బస్సు వెళ్లిపోతుంది. లేచి గదిలో ఆ గోడకీ ఈ గోడకీ తిరుగుతాను. ఒక్కసారంటే ఒక్కసారి, ఇది కల అని కలలోనే తెలిసి, నా నోరు నేను అదుపులో పెట్టుకుని అమ్మతో మాట్లాడాలి. నాకు కావలసింది అంతే.

మదురైలో సైకాలజీ చదివే మా అన్న కూతురు శరణ్య దారి చెప్పింది. "మెలకువలో నీకు చేతకానిది ఒకటి అనుకో అత్తా. కలలో అది చేతనైతే, కల అని తెలిసిపోతుంది." నేను వెంటనే తెలుగు చదవడం అనుకున్నాను. తెలుగు చదవగలిగితే అది కలే, సందేహం లేదు.

ఎనిమిదో రోజే ఫలించింది. కలలో బస్సు బోర్డు తెలుగులో ఉంది. గడగడా చదివేశాను. ఆహా, ఇది కల! అమ్మ దగ్గరికి పోయి, "అమ్మా, నామీద కోపమా?" అన్నాను. "లేదమ్మా," అంది. అంతలో బస్సు కదిలింది. అయ్యో తప్పిపోతుందని అమ్మ చెయ్యి పట్టుకుని పరిగెత్తాను. లేచాక ఎన్నాళ్లకో కడుపునిండా తిన్నాను.

ఆదివారం శరణ్య వచ్చి నా సంబరం మీద నీళ్లు చల్లింది.

"కల అని తెలిసినదానివి, బస్సు తప్పిపోతుందని ఎందుకు పరిగెత్తినావు?"

నేను లేచి కాఫీ పెట్టబోయాను.

"సరే, బోర్డు మీద మొదటి అక్షరం రాసి చూపించు." రాశాను. పిల్ల పడీ పడీ నవ్వింది. "అత్తా, ఇది తమిళ 'త'. నువ్వు దానికి టోపీ పెట్టినావు, అంతే. నువ్వు చదవలేదు, చదివినట్టు కల కన్నావు. అది మెలకువ కాదు. మేలుకున్నట్టు కల."

"అట్లయితే అమ్మ చెప్పింది?"

శరణ్య నవ్వు ఆగిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ చెప్పిన ఆ ఒక్క మాటా అబద్ధమేనా? ఈసారి కలలో నిజంగానే చదివి తేల్చుకోవాలని పంతం పట్టి అక్షరాల పుస్తకం తెప్పించుకున్నాను. నిద్ర పట్టని పొద్దుల్లో దిద్దీ దిద్దీ మూడు నెలల్లో చదవడం వచ్చేసింది. గర్వంగా ఫోన్ చేస్తే శరణ్య మెల్లగా అంది, "అత్తా, ఇప్పుడు నీకు చదివేది చేతనవును. ఇంక ఆ గుర్తు పనికిరాదు కదా?"

"ఆ మాట ముందే చెప్పేదానికి ఏమి నీకు?" అని అరిచి ఫోన్ పెట్టేశాను. కాసేపటికి తనే మళ్లీ చేసింది. "ఏ బోర్డైనా ఒకసారి చదివి, తల తిప్పుకుని, మళ్లీ చదువు. కలలో అక్షరాలు నిలవవు." ఆ రోజు నించి బజారులో ప్రతి బోర్డూ రెండుసార్లు చదవడమే నా పని. కళ్లజోడు మార్చుకోమని మిల్లులో అందరూ సలహా ఇచ్చారు.

మొన్న మంగళవారం మళ్లీ బస్టాండు. బోర్డు తెలుగులోనే ఉంది. తళవాయిపురం. తల తిప్పుకుని మళ్లీ చూశాను. తలవాయిపురం. 'ళ' పోయి 'ల' అయింది. మా ఊళ్లో చిన్నపిల్లలు కూడా ఆ పేరు అట్లా తప్పు పలకరు.

బస్సు హారన్ కొట్టింది. నాకు తొందర కలగలేదు. నేను నా గదిలో మంచం మీద ఉన్నాను, పైన ఫ్యాన్ తిరుగుతోంది, అమ్మ ఐప్పశిలోనే పోయింది. అంతా తెలుస్తోంది. బెంచీ మీద అమ్మ సంచీ ఒళ్లో పెట్టుకుని కూచుంది.

కోపమా అని అడగబోయాను. నోరు రాలేదు. అడిగితే "లేదు" అంటుంది. అమ్మ చేత అనిపించేది నేనే. అప్పుడు తెలీక నమ్మాను, ఇప్పుడు తెలిసి ఎలా నమ్మను? ఇన్ని నెలలు ఈ మెలకువ కోసం తపించిపోయాను. తీరా అది వచ్చాక, నన్ను క్షమించడానికి అక్కడ ఎవరూ లేరు. కలలోనే ఏడుపొచ్చింది.

"కొంచేపు కూచోమ్మా రంగూ," అంది.

అది అమ్మ కాదని తెలుసు. తెలిసే, పక్కన కూచున్నాను.