మోరీకి అవతల

కాలువలో తుమ్మకంప కొట్టాలి. తూము నోట్లో పేరుకున్న చెత్త లాగాలి. గట్టు రాళ్ళకు సున్నం పెట్టాలి. పదకొండింటికి కిరణ్మయి మేడం వచ్చేలోగా గడ్డం గీయించుకోవాలి. చివరిది భార్య రాధమ్మ చేర్చిన పని.

"పెండ్లిచూపులా ఏంది?" అని సిద్దయ్య మొదటి మూడు పనులతోనే సరిపెట్టాడు.

ఇబ్రహీంపట్నం పక్క ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా ఆయన నీరటి. పొలాలకు నీళ్ళు వంతులేసి వదలడం ఆయన పని. సన్నటి మనిషి. ఎడమచేతి రెండు వేళ్ళు వంగవు. నీళ్ళ మీద తగాదా వస్తే ఆయన మాటే ఆఖరు. చెప్పాక ఎవరూ వెళ్ళి చూడరు. చెరువులోకి వాననీరు తెచ్చే కాలువను ఊరు కాపాడుతున్నందుకు పట్నంలోని ఒక సంస్థ ఏటా డబ్బిస్తుంది. కాలువ బాగుందని ఆ సంస్థ నుంచి కిరణ్మయి వచ్చి చూసి సంతకం చేస్తేనే అది వస్తుంది. ఈసారి దాంతో పగిలిన తూము బాగుచేయాలి.

నిన్న ప్లాట్ల వెంచర్ వాళ్ళు, సాగర్ రోడ్డు కింద నీళ్ళు దాటే మోరీకి అవతల, కాలువలో పది లారీల మట్టి పోశారు.

"మోరీ దాకనే చూపియ్యి సిద్దన్నా," అన్నాడు చెరువు కమిటీ పెద్ద శ్రీపాల్. "పైసలు ఆగితే ఊరంతా నిన్నే తిడ్తది."

"మరి నీళ్ళెట్లొస్తయ్?"

"వానకు గదే కొట్టుకపోతది. ఫికర్ జెయ్యకు."

కాలువ వెంబడి చూస్తూ వచ్చిన కిరణ్మయి మోరీ దగ్గర ఆగి చెమట తుడుచుకుంది. "అవతల కూడా బాగానే ఉందా సిద్దయ్యగారూ? నడిచి చూడనా?"

సిద్దయ్య నేలకేసి చూశాడు. "అవ్ మేడం. సాఫే ఉన్నది."

"మీరు చెప్పారుగా, చాలు," అని నవ్వి, కాగితం మీద సంతకం చేసింది.

జీపు వెళ్ళిపోయింది. సిద్దయ్య అన్నానికి ఇంటికి పోలేదు. పార భుజాన వేసుకుని మోరీ దాటాడు. చెప్పిన మాట పొద్దుగూకేలోగా నిజం చేయాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఒక్కడే తవ్వడం మొదలుపెట్టాడు.

సాయంత్రం రాధమ్మ వెతుక్కుంటూ వెళ్ళేసరికి మట్టికుప్పకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. "ఏమయ్యో, లెవ్వవా?" అంది. లేవలేదు. ముట్టుకుంటే ఒళ్ళు చల్లగా ఉంది. కుప్పలో జానెడు వెడల్పున గండి పడింది, అదీ మోకాలి లోతే.

ఆ నెలలోనే సంస్థ డబ్బు వచ్చింది. తూముకు కొత్త తలుపు పెట్టారు. వానలు పడ్డాక నీళ్ళు మట్టి దాకా వచ్చి పక్కకు మళ్ళాయి.

సాగర్ రోడ్డు మీద ఆ మోరీ దాటేవాళ్ళు సిద్దయ్యను ఒక్కసారి తలుచుకోండి. కాలువలోకి దిగేముందు విప్పి, గట్టు మీద పక్కపక్కన పెట్టిన ఆయన టైరు చెప్పులు చాలా రోజులు అక్కడే ఉన్నాయి.