వీరభద్రప్ప మగ్గం మీది పడుగు

ఉదయం పదిన్నరకు గద్వాలలో మగ్గాల సావుకారి వీరభద్రప్ప తన షెడ్డులో గుంత మగ్గం మీద కూర్చుని నేస్తూ, నేస్తున్న చీర మీదికే ఒరిగిపోయాడు. కొడుకు భానుప్రకాశ్ 108కు ఫోన్ చేశాడు. చెమటలు కారుతున్నాయని, ఛాతీ మీద బండ పెట్టినట్టుందంటున్నాడని, ఊపిరి ఆడటం లేదని చెప్పాడు.

కాల్ అందుకున్న బండిలో ఇద్దరున్నారు. నడిపేది యేసయ్య. వైద్యం చేసేది స్వరూప. చిరునామా వినగానే యేసయ్య ఆమె వైపు చూశాడు.

"అక్కా, ఆ షెడ్డేనా?"

"ఆ షెడ్డే."

"ఈ కాల్ ధరూరు బండికి ఇయ్యమని చెప్పాల్నా? ఖాళీగనే ఉంది."

"అది వచ్చేవరకు సస్తడు. నువ్వు పోనియ్యి."

"బతికియ్యనీకి పోతున్నవా, సంపనీకి పోతున్నవా?"

"ఆయన సస్తే నాకేమొస్తది అన్నా? ఆయన నోట్లకెళ్లి ఒక మాట రావాలె. సచ్చినోడు మాట్లాడడు."

యేసయ్య సైరన్ వేశాడు. అతనికి సంగతి తెలుసు.

స్వరూప తండ్రి శ్రీశైలం అదే షెడ్డులో, అదే మగ్గం మీద నేసేవాడు. ఆమె ఇంటర్ చదివేటప్పుడు ఒక మధ్యాహ్నం అతనికి మగ్గం మీదే గుండెపోటు వచ్చింది. గుంత మగ్గంలో మనిషి కాళ్లు గుంతలో ఉంటాయి. నేసిన చీర చుట్టుకునే దూలం కడుపుకు ఆనుకుని ఉంటుంది. ఆ మగ్గానికి వీపు వెనక గోడ. లేవలేని మనిషిని బయటికి తీయాలంటే ముందు దూలం తీయాలి. దూలాన్ని పడుగు పట్టుకుని ఉంటుంది. పడుగంటే మగ్గం పొడవునా బిగించిన దారాలు. తెంపితే దూలం వెంటనే వస్తుంది. తెంపకుండా తీయాలంటే పడుగును కొంచెం కొంచెంగా వదులు చేయాలి. ఒక్కసారి వదిలితే దారాలు చిక్కుపడతాయి.

పక్క మగ్గం మనిషి ఆ రోజు కత్తెర తీశాడు. వీరభద్రప్ప అతని చేయి పట్టుకున్నాడు.

"తెంపొద్దు. మెల్లగ వదులు చేయుండ్రి. చిక్కువడొద్దు."

ఆ మాట వాకిట్లో నిలబడ్డ స్వరూప విన్నది. చీర సగంలో ఉండగా పడుగు తెంపితే మగ్గానికి అరిష్టమని వీరభద్రప్ప ఇంట్లో నమ్ముతారు. అంబులెన్స్ వచ్చి వాకిట్లో ఆగేసరికి ఇంకా వదులు చేస్తూనే ఉన్నారు. శ్రీశైలం గుంతలోనే చనిపోయాడు. పడుగు తెగలేదు. ఎక్కించిన పడుగును నేసేవాడి ఇంటివాళ్లే నేసి దించాలన్నది షెడ్డు కట్టుబాటు. ఆ పడుగు మీద ఇంకా నేయాల్సిన చీరలను శ్రీశైలం భార్య అంజమ్మ అదే గుంతలో కూర్చుని నేసి దించింది. తర్వాత మగ్గం మానేసింది.

బండి షెడ్డు ముందు ఆగింది. స్వరూప లోపలికి పోయి గుంత అంచున మోకాళ్ల మీద కూర్చుంది. వీరభద్రప్ప తల పైకెత్తి, వీపు గోడకు ఆనించింది. పెదవులు, గోళ్లు నీలంగా ఉన్నాయి. వేలికి పెట్టిన యంత్రం రక్తంలో ఆక్సిజన్ తక్కువగా ఉందని చూపింది. స్టెతస్కోప్‌లో ఊపిరితిత్తుల అడుగున నీటి చప్పుడు వినిపించింది. ఆక్సిజన్ మాస్కు పెట్టేముందు ఆస్పిరిన్ ఇచ్చి నమలమన్నది. బీపీ చూసి, కాల్ సెంటర్ డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడి, నాలుక కింద మరో మాత్ర పెట్టింది. ఛాతీకి తీగలు అంటించింది. తెర మీద గుండెపోటు కనిపించింది.

ఊపిరితిత్తుల్లో నీరు చేరిన మనిషి కాళ్లు కిందికి వదిలి కూర్చుంటే ఊపిరి కొంత తేలికవుతుంది. గుంత అతన్ని అట్లాగే కూర్చోబెట్టింది. కాని గుండె ఆగితే నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ నొక్కాలి. గుంతలో అది కుదరదు.

"దూలం తీయాలె," అన్నది స్వరూప.

భానుప్రకాశ్ పడుగు కట్టిన గుంజ దగ్గరికి పోయాడు. "జర ఆగు అక్కా, వదులు చేస్త. మా శ్రుతి పెండ్లి చీర ఇది. మనుమరాలి చీర నేనే నేస్తనని నాయిన కూసున్నడు."

"చెయ్యి. మెల్లగ చెయ్యి, చిక్కువడొద్దు. మా నాయినకు గూడ మెల్లగనే చేసిండ్రు."

భానుప్రకాశ్ చేయి ఆగింది. వీరభద్రప్ప కళ్లు తెరిచాడు.

"నువ్వు... శ్రీశైలం బిడ్డవా?"

"అవును సావుకారి. గుర్తువట్టినవే."

స్వరూప అతని మాస్కు సరిచేసింది.

"ఇప్పుడు చెప్పు. తెంపాల్నా, మెల్లగ వదులు చేయాల్నా? నీ మగ్గం, నీ షెడ్డు. ఈడ నీ మాటే నడుస్తది గద."

"అక్కా," అన్నాడు యేసయ్య. ఆమె తిరగలేదు. రోగి బట్టలు కోయడానికి బండిలో ఇచ్చే కత్తెర ఆమె జేబులోనే ఉంది.

వీరభద్రప్ప పడుగు వైపు చూశాడు. మాస్కు లోపల ఏదో అన్నాడు.

"వినపడలే."

"తెంపు."

"గట్టిగ చెప్పు. ఆ దినం నువ్వు చెప్పింది వాకిట్లకు వినపడ్డది."

"తెంపు బిడ్డా!"

వాకిట్లో చేరిన పక్కింటివాళ్లు ఆ కేక విన్నారు. స్వరూప కత్తెర తీసి భానుప్రకాశ్‌కు ఇచ్చింది.

"నువ్వే కొయ్యి. మీ చేతితోనే తెగాలె."

అతను కోశాడు. దూలం వచ్చింది. ముగ్గురూ కలిసి వీరభద్రప్పను గుంతలోంచి ఎత్తి స్ట్రెచర్ మీద కూర్చోబెట్టారు.

ప్రశ్నకు, జవాబుకు మధ్య ఎంతసేపు పట్టిందో ముగ్గురూ మూడు రకాలుగా చెబుతున్నారు. చాలాసేపని భానుప్రకాశ్ అంటాడు. తీగలు సర్దినంతసేపని యేసయ్య అంటాడు. స్వరూప, "మా నాయినకు పట్టినంత పట్టలే," అంటుంది.

బండి జిల్లా దవాఖాన దారిలో ఉండగా వీరభద్రప్ప గుండె ఆగింది. స్వరూప అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ నొక్కింది. యేసయ్య బండి పక్కకు ఆపి వెనక్కి వచ్చి, గాలి సంచి నొక్కి ఊపిరి ఇచ్చాడు. ఆమె యంత్రంతో షాక్ ఇచ్చి మళ్లీ నొక్కింది. నాడి తిరిగి వచ్చింది. అతని పక్కటెముక ఒకటి విరిగింది. ఛాతీ నొక్కేటప్పుడు అట్లా విరుగుతుంటాయి.

దవాఖాన గేటు దగ్గర యేసయ్య అడిగాడు. "మాట వచ్చింది గద అక్కా. ఇంగ సల్లవడ్డవా?"

"లేదన్నా. ఇంకొకటుంది. అది మా అమ్మది."

వీరభద్రప్పను అక్కడి నుంచి హైదరాబాదు తీసుకుపోయి గుండె నాళంలో స్టెంటు వేశారు. బతికాడు.

అతను ఇంటికి వచ్చిన తర్వాత భానుప్రకాశ్ అంజమ్మ ఇంటికి వచ్చాడు. తెగిన దారాలను ఒక్కొక్కటిగా పురి పెట్టి అతికితే పడుగు మళ్లీ నిలబడుతుంది. ఆ షెడ్డులో ఆ పని అంజమ్మ ఒక్కతే చేసేది. ఆమె వాకిట్లో చింతపండు గింజ తీస్తున్నది.

"అత్తా, జర వచ్చి అతకాలె. పెండ్లి దగ్గరికొచ్చింది."

"తెంపుమన్నది ఎవరు?"

"నాయిన."

"నోటితోనే అన్నడా?"

"నోటితోనే."

"కోసింది నువ్వంట. సక్కగ కోసినవా, వంకర పోయిందా?"

"అత్తా, నాయిన పరేషానైతుండు. ఆ మగ్గం దిక్కే చూస్తుండు పొద్దాక."

"చూడనియ్యి. మా ఆయన గూడ అటే చూసుకుంట పోయిండు." అంజమ్మ గింజలు చాటలో వేసింది. "మీ నాయినకు చెప్పు. గుంతల కూసోని ఆయననే అతుకుమను. మెల్లగ. చిక్కువడకుండ."

భానుప్రకాశ్ వెళ్లిపోయాడు.

శ్రుతి పెండ్లి వనపర్తిలో జరిగింది. ఆమె కట్టుకున్న చీర వేరే షెడ్డులో నేసింది. ఆ రోజుకు వీరభద్రప్ప మగ్గం మీది పడుగు తెగినచోట తెగినట్టే ఉంది.