చొక్కా చెయ్యి, ఒక్క లైను

అమ్మ టైలరు. బట్ట కత్తిరించే ముందు ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో ప్యాటర్న్ గీసి ప్రింటు తీస్తుంది. ఎవరైనా బాగుచేసి పంపగల సాఫ్ట్‌వేర్ అది. అందులో చొక్కా చెయ్యి ఎప్పుడూ అంచు తెగి వచ్చేది.

"ఇది చేసినవాళ్ళు చొక్కాలే తొడుక్కోరేమో!" అని అమ్మ విసుక్కునేది.

కోడింగ్ అప్పుడప్పుడే ఒంటబడుతున్న నేను తప్పెక్కడుందో పట్టేశాను. ఒక్క లైను మార్చి గర్వంగా పంపాను. ఆ సాఫ్ట్‌వేర్ చూసుకునే పెద్దాయన తిప్పి పంపాడు: "ఫైలంతా మారిపోయింది. మీరు బాగుచేసిందేదో కనిపించట్లేదు."

నాకు ఒళ్ళు మండింది. తీరా చూస్తే, సేవ్ చేయగానే నేను కోడు రాసుకునే ఎడిటర్ ప్రోగ్రామే ఫైలంతా ఖాళీలూ వరసలూ తనకు నచ్చినట్టు సర్దేసింది. గుండీ కుట్టమని ఇస్తే చొక్కా మొత్తం విప్పి మళ్ళీ కుట్టినట్టుంది నా పని. అదీ టైలరు కూతురినై ఉండి!

ఆ సర్దుడు ఆపేసి, ఒక్క లైనే మళ్ళీ పంపాను. "చక్కగా ఉంది, చేర్చేశాను" అని జవాబొచ్చింది. కుర్చీలోంచి ఎగిరి గంతేశాను.

కొత్త వెర్షన్‌లో అమ్మ ప్రింటు తీసింది. చెయ్యి నిండుగా వచ్చింది.

"ఎవరోగానీ బాగుచేశారే! వాళ్ళ కడుపు చల్లగుండ!"

"ఆ ఎవరో నేనేనమ్మా."

అమ్మ నన్నూ కాగితాన్నీ మార్చి మార్చి చూసింది. తన కుర్చీ నా వైపు లాగింది.

"అయితే కూర్చో. కాలరు కూడా వంకరగా వస్తోంది."