నువ్విస్తే కాదనదు

వెర్నా తెల్లారకముందే లేచి రెండు వందల మందికి సరిపడా బానక్ రొట్టెల పిండి కలిపింది. ఆ పని ఎవరు చెయ్యాలన్నది ఆ వీధి దుకాణదారుల సంఘంలో చర్చకే రాలేదు. సంఘం కార్యదర్శి ఆమె భర్త గ్లెన్. "క్రీ వాళ్ళ రొట్టె క్రీ మనిషి చేస్తేనే కదా అందం," అన్నాడు సమావేశం నుంచి ఇంటికొచ్చి.

ఆ వేళ సెప్టెంబరు ముప్పై. ఒకప్పుడు కెనడాలో క్రీ ఆదివాసుల పిల్లల్ని ఇళ్ళ నుంచి పట్టుకుపోయి చర్చి బడుల్లో పెట్టారు. అక్కడ పోయినవాళ్ళనూ, బతికి బయటపడ్డవాళ్ళనూ తలుచుకునే రోజు. వెర్నా తల్లి ఫిలోమిన్ ఆరో ఏట ఆ బడికి వెళ్ళి పదిహేనో ఏట తిరిగొచ్చింది. మధ్యలో ఏం జరిగిందో కూతురికి కూడా చెప్పలేదు.

ఆ రోజున తాము పెట్టే సభలో ఆవిడ మాట్లాడాలని సంఘం కోరింది. క్రీ పెద్దవాళ్ళను ఏదైనా అడగాలంటే ఎర్రగుడ్డలో కట్టిన పొగాకు చేతికివ్వాలి. అందుకుంటే ఒప్పుకున్నట్టే, ఇక మాట తప్పకూడదు. ఆ పద్ధతి గ్లెన్ బాగానే నేర్చుకున్నాడు. "నేనిస్తే పక్కన పెట్టేస్తుంది. నువ్విస్తే కాదనదు," అన్నాడు. ఆ సంగతి వెర్నాకూ తెలుసు. తెలిసే ఇచ్చింది. తల్లి పొట్లం వంక చూడలేదు, కూతురి మొహం వంక చూసి అందుకుంది. అప్పుడే వెనక్కి తీసుకుని ఉండాల్సింది. కానీ సంఘం వాళ్ళ ముందు గ్లెన్ చిన్నబోకుండా చూడటం ఇరవై రెండేళ్ళుగా ఆమెకు వంటలాగే అలవాటైపోయింది.

సభ గుడారంలో. వెర్నా గుడారం వెనక, నూనె మూకుడు ముందు. పక్కనే జనరేటర్ మోత. తల్లి పేరు పిలవడం వినిపించి పొయ్యి ఆపబోయింది. గ్లెన్ గుడారంలోంచి తల బయటికి పెట్టి, రొట్టెలు అయిపోయాయనీ, జనం వరసలో నిలబడ్డారనీ చెప్పాడు. ఇంకో వాయి వేసింది.

చేతులు తుడుచుకుని వెళ్ళేసరికి అందరూ లేచి నిలబడి ఉన్నారు. మందుల షాపు యజమానురాలు వెర్నాను కావలించుకుని ఏడ్చింది. "మీ పిన్ని సంగతి వింటుంటే తట్టుకోలేకపోయానమ్మా," అంది.

తనకు పిన్ని ఉండేదని వెర్నాకు తెలియదు.

తల్లిని ఇంటి దగ్గర దింపడానికి తనే కారు తీసింది. వంతెన దాటాక ఫిలోమిన్ అంది:

"పోయేలోగా నీకొక్కదానికే చెప్పాలని దాచుకున్నానే అది. నువ్వేమో అందరి ముందూ చెప్పమన్నావు. సరేలే. విన్నావు కదా?"

విన్నానంటే సరిపోయేది. వెర్నా కారు పక్కకు తీసి ఆపింది.

"లేదమ్మా. పొయ్యి దగ్గరున్నాను."

ఫిలోమిన్ అద్దంలోంచి రోడ్డు వంక చూసింది.

"ఇంకోసారి చెప్పలేనే తల్లీ," అంది.